కాయితంలో ఆయమ్మ

పోయిన మంగళవారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. మా క్లినిక్‌లో పదకొండేళ్ళు నేల తుడిచిన మనిషి వాళ్ళ ఊళ్ళో పోయింది. గుండెపోటట. ఫోన్ చేసింది ఇక్కడే కువైట్‌లో, ఎగైలాలో ఒక ఇంట్లో పనిచేసే ఆమె కూతురు. ఏడుస్తూ రెండు మాటలు చెప్పి, మామా పిలుస్తోందని పెట్టేసింది. తల్లి పోయిన రోజున కూడా ఆ పిల్లకి ఆ మామా, అంటే యజమానురాలి పిలుపు ఆగలేదు. నేను ట్రే పట్టుకుని కారిడార్‌లో అలా నిలబడిపోయాను. నేల తడిగా ఉంది, పసుపు బోర్డు ఎవరూ పెట్టలేదు. ఆమె ఉంటే ఊరుకునేది కాదు.

ఆమె బోర్డు పెట్టేది. పెట్టినా డాక్టర్లు తొక్కుకుంటూనే పోయేవారు. అప్పుడు ఆమె మాప్ కర్ర మీద గడ్డం ఆనించి, చక్కగా నవ్వుతూ, "తొక్కు నాయనా, తొక్కు, మీ అబ్బ సొమ్మేం పోయింది" అనేది. తొక్కిన డాక్టరుకి తెలుగు రాదు. అదేదో మర్యాద మాట అనుకుని, థాంక్స్ చెప్పినట్టు "షుక్రన్" అని వెళ్ళిపోయేవాడు. కౌంటర్ వెనక నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. ఒకసారి పెద్ద డాక్టరు నన్ను పిలిచి, ఆమె రోజూ దీవిస్తోంది కదా, దానికి తిరిగి ఏమనాలి అని అడిగాడు. ఏమీ అనక్కర్లేదు, బోర్డు పక్కనుంచి నడిస్తే చాలు అన్నాను.

ఆమెది రాయచోటి పక్క. నాది గోదావరి. "మీ గోదారోళ్ళు మాట్లాడితే పాట పాడినట్టుంటాది, ఇనుకుంటా కూచుంటే పని జరగదు" అనేది. "మీరు మాట్లాడితే దెబ్బలాటకొచ్చినట్టుంటాది, బాబోయ్, ఏ పనున్నా చేసేసి పారిపోవాల" అనేదాన్ని నేను. ఈ దేశంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడీ మాట్లాడీ నోరు పీకుతుంది. ఆమెతో రెండు మాటలు పోట్లాడితే నాకు ప్రాణం లేచొచ్చేది.

అందరూ ఆమెని పెద్దావిడ అనేవారు. నేనూ అక్కా అనే పిలిచేదాన్ని, ఎందుకంటే సివిల్ ఐడీలో నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఒకరోజు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరకి వేసి, "సిస్టరూ, ఒక ప్యాడ్ ఇయ్యి" అంది.

"ఎవరికక్కా?"

"ఎవురికేంది? నాకే."

యాభై ఆరేళ్ళ మనిషికి రక్తస్రావం అంటే నర్సన్న ప్రతిదానికీ మొదట గుర్తొచ్చే క్యాన్సరే నాకూ గుర్తొచ్చింది. కూర్చోబెట్టి, ఎన్నాళ్ళ నుంచి, నొప్పి ఉందా, బరువు తగ్గావా అని వరసగా అడిగేశాను. లేడీ డాక్టరు దగ్గరికి ఇప్పుడే ఎళ్దాం పద అని లేచాను. ఆమె నా మొహం చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది.

"నీ పాసుగాల! ఆగిపోయింది ఆయమ్మకు. నాకు ఇంగా ల్యా."

"ఆయమ్మెవరే?"

"కాయితంలో ఆయమ్మ."

అలా తెలిసింది నాకు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆమెని కువైట్ పంపడానికి ఊళ్ళోకి ఏజెంటు వచ్చాడు. ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడమనిషికి ముప్పై నిండి ఉండాలి, లేకపోతే ఢిల్లీ వాళ్ళు ముద్ర వెయ్యరు అన్నాడు. అయితే నింపుదాంలే అన్నాడు. రాయచోటిలో ఫొటో స్టూడియోకి తీసుకెళ్ళి, వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ కళ్ళద్దాలు పెట్టించి, ముందు వెంట్రుకల మీద పౌడరు చల్లి, నవ్వొద్దని చెప్పి ఫొటో తీయించాడు. పన్నెండేళ్ళు ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి. "ఆ కండ్లద్దాల్లో నాకు కెమెరా కూడా అగుపడల్యా సిస్టరూ. మూతి బిగబట్టుకోని అట్లే కూచుంటి" అని చెప్పింది.

ఆ ఫొటోలోని మనిషిని ఆమె ఎప్పుడూ తననుకోలేదు. వేరే మనిషిగానే చూసేది. ఎవరైనా వయసడిగితే "ఎవురిది? నాదా, ఆయమ్మదా?" అనేది. ఏజెంటు పుట్టినరోజు జనవరి ఒకటి అని రాశాడు కాబట్టి ఏటా ఆ పొద్దున్నే కంపెనీ నుంచి ఫోన్‌కి శుభాకాంక్షలు వచ్చేవి. నా దగ్గరికి తెచ్చి చూపించి, "ఆయమ్మకు ఇంగో ఏడు నిండింది పాపం, కాళ్ళు నొప్పులేమో కనుక్కో" అనేది. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా ఆయమ్మ పేరు మీద, బస్సు కార్డు ఆయమ్మ పేరు మీద. "నేను ఆయమ్మ ఇంట్లో బాడుక్కుండా" అనేది.

అసలు లెక్కకి ఆమె నాకంటే మూడేళ్ళు చిన్నది. ఆ రోజు నుంచి నన్ను సిస్టరక్కా అనడం మొదలుపెట్టింది. నాకు మాత్రం అక్కా అనే అలవాటు పోలేదు. ఒకళ్ళనొకళ్ళు అక్కా అని పిలుచుకుంటుంటే మలయాళీ నర్సులు మమ్మల్ని వింతగా చూసేవారు.

కూతురు కువైట్ వచ్చాక ఆమె నడకే మారిపోయింది. మధ్యలో ఊరెళ్ళి పెళ్ళి చేసుకుని, పుట్టిన ఆ పిల్లని పదకొండు నెలలప్పుడు తన తల్లి చేతిలో పెట్టి మళ్ళీ విమానం ఎక్కిందట. తర్వాత రెండు మూడేళ్ళకోసారి సెలవులో చూడ్డమే. చూసినప్పుడల్లా ఆ పిల్ల అవ్వ కొంగు వెనక దాక్కునేదట. ఇరవై రెండేళ్ళు వచ్చాక అదే ఏజెంటు కొడుకు, అదే స్టూడియో, ఈసారి ముప్పై ఒకటి రాశారు. ఎగైలాలో ఇంటిపని. శుక్రవారం రెండు గంటలు బయటకి వదులుతారు. ఆ రెండు గంటల కోసం ఈమె ఫర్వానియా నుంచి రెండు బస్సులు మారి వెళ్ళి, మాల్ ముందర గట్టు మీద కూతురితో కూర్చుని వచ్చేది.

శనివారం పొద్దున్న నాకు ఒక కొత్త సంగతి చెప్పాల్సిందే. "పాపకు కాకరకాయ పడదంట సిస్టరక్కా. నాకిప్పుడు తెలిసింది." ఇంకో వారం, "పాప నిద్దట్లో మాట్లాడతాదంట. నేనూ అంతే." మరో వారం ఏమీ చెప్పకుండా మాప్ చేసుకుంటూ పోతుంటే నేనే ఆపి అడిగాను. "ఈ వారం దాని జుట్టు దువ్వినా. అంతే" అంది. సొంత కూతుర్ని వారానికో ముక్క చొప్పున తెలుసుకుంటోంది. అది చూస్తే నాకు సంతోషమూ వేసేది, కోపమూ వచ్చేది. ఎవరి మీద కోపమో చెప్పలేను.

ఇక్కడ పనుల పంపకం గురించి చెప్పాలి. దజీజ్‌లో ఉన్న క్లీనింగ్ కంపెనీ ఆఫీసు నుంచి మా క్లినిక్‌కి నెలనెలా ఒక జాబితా వస్తుంది. అందులో పేరు పక్కన దేశం రాసి ఉంటుంది. పని ఆ దేశాన్ని బట్టే. ముందు హాలు, అద్దాలు, రిసెప్షను ఒక దేశం వాళ్ళకి. లెట్రిన్లు, చెత్త, వాంతులు మా దేశం వాళ్ళకి, పక్క దేశాల వాళ్ళకి. దీన్ని ఎవరూ వివక్ష అనరు, జాబితా అంటారు. నా గతీ అంతకంటే గొప్పగా ఏమీ లేదు. "ఈ హిందియా వద్దు, ఇంకో అమ్మాయిని పంపండి" అని రక్తం తీయించుకోడానికొచ్చినవాళ్ళు నా మొహం మీదే అన్నారు. హిందియా అంటే ఇండియా మనిషి. ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయినప్పుడు ఇరవై ఏళ్ళ సర్వీసున్న నన్ను వదిలేసి, నేను పని నేర్పిన పిల్లకి ఇచ్చారు. ముందు డెస్కులో కాస్త తెల్లగా, వయసులో ఉన్న మొహం కావాలట. నాకు పైకి చెప్పలేదు, కాని చెప్పినంత పని చేశారు. నేను నోరు మూసుకున్నాను. ఇంట్లో మా ఆయన కూడా మూసుకోమనే చెప్పాడు.

అందుకే ఆమె విషయంలో నాకు అంత ఉడుకొచ్చిందేమో. కాగితంలో ఆయమ్మకి అరవై వచ్చాయి. ఇఖామా ఇక కట్టం అని కంపెనీ చెప్పేసింది. కాగితాల పనులు చూసే మందూబ్ వచ్చి, అరవై దాటినవాళ్ళని పంపేస్తున్నాం, ఖలాస్, టికెట్ తీసుకో అన్నాడు. అదే కంపెనీలో సూపర్‌వైజరు ఒకాయన ఉన్నాడు, అరబ్బీ మాట్లాడే దేశంవాడు. ఆయనకి అరవై నాలుగు. ఆయనకి ముందు వారమే కట్టారు. ఆ మాటే నేను మందూబ్‌ని అడిగాను.

"అతను అరబ్బు, అతని సంగతి వేరు" అన్నాడు. "ఇలాంటి హిందియాలు నాకు రేపు పొద్దున్నకి ఇద్దరు దొరుకుతారు. ఇంకా కుర్రవాళ్ళు."

ఆమె పక్కనే నిలబడి ఉంది. అరబ్బీ ఆమెకి బాగానే తెలుసు. ముప్పై ఏళ్ళు తిట్లు తిన్న భాష తెలియకేం? బకెట్‌లో నీళ్ళు మార్చుకోడానికి వెళ్ళిపోయింది. నేనే వెనకాల వెళ్ళాను.

"కేసెట్టు" అన్నాను.

"నాతో అయ్యేదా?"

"ఎందుకవ్వదు? నీకు అరవై రాలేదు. నలభై ఎనిమిదే. అది నిరూపించు, వాడి నోరు పడిపోద్ది. ఆ సూపర్‌వైజరు సంగతి కూడా రాద్దాం. నేనొచ్చి మాట్లాడతాను."

"పాప ఈడుండాది సిస్టరక్కా. దాని అగ్రిమెంటు ఇంగా రెండేండ్లుండాది. ఆ రెండేండ్లు ఉండనిస్తే చాలు నాకు. ఇంగేం వద్దు."

"అందుకేగా పెట్టమంటున్నాను."

ఇప్పుడు ఆలోచిస్తే, నా కేసు ఆమె చేత పెట్టించానేమో అనిపిస్తుంది. నాకు లేని ధైర్యం ఆమె దగ్గర అరువు అడిగాను. కాని అప్పుడు అలా తోచలేదు.

ఆమె మూడో తరగతి దాకా చదివింది. తమ్ముడు బడికెళ్ళి, పాత రిజిస్టరు వెతికించి, హెడ్మాస్టరు సంతకంతో పుట్టిన తేదీ కాగితం తీయించి, ఊరినుంచి వస్తున్న ఒకామె చేత పంపాడు. దాన్ని ఇంగ్లీషులోకీ అరబ్బీలోకీ మార్పించాను. ఆ కాగితం అందిన రోజు ఆమె చాలాసేపు చూసుకుంది. చదవడం వచ్చు గాని మెల్లిగా చదువుతుంది. "పుట్టింది ఆషాఢంలో అని మాయమ్మ చెప్తాండె. నిజమేనే" అంది. పాస్‌పోర్టులో వయసు తప్పని బయటపడితే ఏమవుతుందో అనే భయం మా ఇద్దరికీ ఉంది. కాని తప్పు చేసింది ఏజెంటు, అప్పటికి ఆమె పిల్ల, జరిమానా వేసి సరిదిద్దుతారని మాకు తెలిసిన లాయరు గుమాస్తా ఒకడు చెప్పాడు. దాన్నే పట్టుకుని బయల్దేరాం.

పని తగాదాలు వినే ఆఫీసుని మనవాళ్ళు షూన్ అంటారు. మా వంతు వచ్చేసరికి పదకొండయింది. లోపల కూర్చున్నది కువైటీ అమ్మాయి, ముప్పై కూడా ఉండవు. మనిషి మంచిది, ఆ మాట చెప్పాలి. ఈమెని చూడగానే "తఫద్దలీ ఖాలా" అని కుర్చీ చూపించింది. ఖాలా అంటే పిన్ని. మందూబ్ కూడా వచ్చాడు. సూపర్‌వైజరు సంగతి చెప్పగానే ఆ అమ్మాయి అతని వైపు తిరిగి, ఆ సూపర్‌వైజర్ని ఉంచి ఈమెని ఎందుకు పంపుతున్నారు అని సూటిగా అడిగింది. అతను మాకు అవసరమైన మనిషి అన్నాడు మందూబ్. ఈమె అవసరం లేదా అంది. నాకు లోపల ఎంత ఆనందమేసిందో! ఇరవై ఏళ్ళలో నా తరఫున ఎవరూ అడగని ప్రశ్న అది.

"ఇది రాసుకుంటాను, కాని తేలడానికి నెలలు పడుతుంది" అంది నాతో. "ఈమెకి అరవై లేవని మీరు రాశారు. అది చూపిస్తే నేను ఇవాళే కంపెనీని ఆపగలను. కాగితం ఉందా?"

ఉంది అని నేను సంచి తెరిచాను.

నేను కాగితం తీసేలోగా ఆ అమ్మాయి ఈమెతో మాట కలిపింది. ఇంకెన్నాళ్ళు ఉండాలనుకుంటున్నావు, ఇక్కడ నీకెవరున్నారు అని. ఈమె మొహం విప్పారింది. "బింతీ" అంది. నా కూతురు. ఎగైలాలో ఉందని కూడా అరబ్బీలోనే చెప్పింది. ఆ అమ్మాయి సంతోషపడింది. "కూతురు ఇక్కడే ఉంటే అదీ రాస్తాను, నీకు మంచిది. ఆమె సివిల్ ఐడీ నంబరు చెప్పు, వివరాలు తీసుకుంటాను" అంటూ కీబోర్డు మీద చేతులు పెట్టింది.

నేను కాగితం ముందుకి చాపాను. ఆమె నంబరు చెప్పలేదు. ఒళ్ళో చేతివేళ్ళ మీద బొటనవేలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటోంది. ఆఖరి వేలు దాకా వచ్చి ఆగింది. నా మణికట్టు పట్టుకుంది. అంత గట్టిగా ఆమె నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు.

"కాయితం లోపల పెట్టు సిస్టరక్కా."

"ఏంటే? ఇప్పుడేగా..."

"పెట్టమంటి గదా!"

ఆ అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "కమ్ ఉమ్రిచ్ ఖాలా?" అని అడిగింది. నీ వయసెంత అని.

ఆమె లేచి నిలబడింది. "సిత్తీన్" అంది. అరవై. పక్క కౌంటర్లో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

మందూబ్ నవ్వుకున్నాడు. ఆ అమ్మాయి రెండోసారి అడిగింది, నన్ను అనువదించమంది కూడా. నేను నోరు తెరిచేలోగా ఈమె మళ్ళీ అదే మాట చెప్పింది. ఎవరో చెప్పిన మాట విని వచ్చానని, తప్పయిందని, పోతానని గబగబా అరబ్బీలో చెప్పేసి, నా చెయ్యి పట్టుకుని బయటకి లాక్కొచ్చింది.

బయట ఎండలో నేను ఆమెని నోటికొచ్చినట్టు తిట్టాను. పిచ్చిదానివా, గెలిచే కేసు చేతులారా నాశనం చేసుకున్నావు, నా సెలవు తగలబెట్టావు, నీకోసం ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో తెలుసా అని. తిట్టడం అయ్యేదాకా ఆగింది.

"పాపకు కాయితంలో ఎంత?" అంది.

"ముప్పై నాలుగు."

"నాకు నలభై ఎనిమిదని నువ్వు చూపిస్తివి. ఆ ఆఫీసు బిడ్డ కంప్యూటర్లో పాపకు ముప్పై నాలుగని చూస్తాది. మరి నేను పాపను ఎన్నో ఏట కన్నట్టు?"

నేను లెక్క వేశాను. పద్నాలుగు.

"నమ్ముతారా? నమ్మరు. పాప కాయితం కూడా అబద్ధమేనని పట్టుకుంటారు. నాకైతే ఏజెంటు చేసినాడు, చిన్నపిల్లనని చెప్పుకుంటా. పాప మొన్న, మూడేండ్ల కిందట వచ్చింది, అప్పటికే ఇరవై రెండేండ్లది. దాన్ని పంపించి మళ్ళీ రానీకుండా ఏలిముద్రలు ఏస్తారు. నాకు అరవై ఉంటేనే దానికి ముప్పై నాలుగు ఉండొచ్చు. నేను తగ్గితే అది పడిపోతాది."

నేను పదకొండేళ్ళు నేల తుడిచేదిగా చూసిన మనిషి, చదువుకున్న నాకు, లాయరు గుమాస్తాకి తట్టని లెక్క ఆ కుర్చీలో కూర్చుని, అరనిమిషంలో తేల్చింది. నాకు సిగ్గేసింది. ఇంకొక్క క్షణం ఆమె ఆలస్యం చేసి ఉంటే ఆ పిల్లని నా చేతులతో నేనే వెళ్ళగొట్టేదాన్ని.

"పోగొట్టుకుంది నేనే గదా, పాప కాదు గదా. ఏడవద్దు" అంది. ఏడుస్తున్నది నేనని అప్పుడే తెలిసింది నాకు. "నేను బతికుండగా దానికి చెప్పద్దు. తెలిస్తే నా ఎనకాలే వచ్చేస్తాది. మొండిది. అది కూడా నాకు ఈడికి వచ్చినంకే తెలిసింది."

పదిహేను రోజుల్లో వెళ్ళిపోయింది. రెండేళ్ళయింది. ఇప్పుడు పోయింది. యాభై ఏళ్ళకే.

గురువారం ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేసింది. అంత్యక్రియలు వీడియోలో చూపించారట. ఊరికి వెళ్ళడానికి వాళ్ళ మామా ఒప్పుకోలేదట. ఆ పిల్ల అగ్రిమెంటు ఇంకో సంవత్సరం రాయించుకుంది, మధ్యలో వదలరు. ఈసారి గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది.

"మాయమ్మకు ఈడుండాలని ల్యా ఆంటీ. పోవాలనే పోయింది. ఉండాలనుకుంటే అంత పెద్ద నోరు పెట్టుకోని ఆ ఆఫీసులో అడిగేది గాదా? ఊర్లో చిన్నప్పుడిడిచిపెట్టి పోయింది. ఈడ మళ్ళీ ఇడిచిపెట్టి పోయింది."

ఫోన్‌లో చెప్పే మాట కాదు. శుక్రవారం ఎక్కడికీ పోకు, నేనే ఎగైలా వస్తాను అన్నాను.

వెళ్ళాను. మాల్ ముందర గట్టు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కాగితం సంగతి, కంప్యూటరు సంగతి, ఆ పద్నాలుగు సంగతి. ఆ పిల్ల తల వంచుకుని విన్నది. రెండు గంటల్లో గంటన్నర అయిపోయింది. లోపలినుంచి జనం సంచులతో వస్తున్నారు, పోతున్నారు. చివరికి తలెత్తి నన్ను ఒకటే అడిగింది.

"అరవై అని ఎట్ల చెప్పింది ఆంటీ? ఏడ్సుకుంటా చెప్పిందా?"

"లేదమ్మా. లేచి నిలబడి, పక్క కౌంటరువాళ్ళకి కూడా ఇనపడేలాగ చెప్పింది. రెండుసార్లు."